2019 ఎల్‌ఎస్‌యూ సీజన్: ఎలా చూడాలి, ఎలా లెక్కగట్టాలి

అమెరికాకు చదువుకో, ఉద్యోగానికో వెళ్ళిన మనవాళ్ళలో చాలామందికి కాలేజీ ఫుట్‌బాల్ మొదటి సెప్టెంబరులోనే ఎదురవుతుంది. శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాలు వేసుకుని స్టేడియం దారి పడుతుంది. రూల్సు నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఒక జట్టు 63–28తో గెలిచిందంటే అది గొప్పగా ఆడినట్టా, ఎదుటి జట్టు తేలిపోయినట్టా? ఈ తేడా పట్టుకోవడం రావాలంటే ఒకే సీజన్‌ను తీసుకుని నెమ్మదిగా విప్పి చూడాలి. అందుకు 2019 లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) జట్టును మించిన పాఠం దొరకదు.

15 మ్యాచ్‌లు ఆడి పదిహేనూ గెలిచారు. 726 పాయింట్లు చేసి 328 ఇచ్చారు. క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపి పాసులు విసిరేవాడు) జో బరో 60 టచ్‌డౌన్ పాసులు వేసి, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. ఈ సీజన్‌నే ఎంచుకోవడానికి ఈ అంకెలకంటే పెద్ద కారణం ఒకటుంది. అంతకుముందు ఏడాది, 2018లో, హెడ్‌కోచ్ ఎడ్ ఓర్జెరానే, క్వార్టర్‌బ్యాక్ కూడా ఈ బరోనే. ఆ ఏడు జట్టు 10 గెలిచి 3 ఓడింది. మనుషులు చాలావరకు వాళ్ళే, ఆట మాత్రం వేరు. అంటే మార్పు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకునే వీలుంది. మిగతా గొప్ప సీజన్లలో ఇంత శుభ్రమైన పోలిక కుదరడం అరుదు.

మొత్తం పనికి 12 నుంచి 15 గంటలు పడుతుంది. వారానికి రెండు మ్యాచ్‌ల చొప్పున మూడు వారాలు పెట్టుకోండి. ఒకే శని, ఆదివారాల్లో ముగించేద్దామనుకుంటే మూడో మ్యాచ్‌కల్లా కళ్ళు బంతి వెంటే పరిగెడతాయి, రాసుకోవడం మానేస్తారు.

కాలేజీ ఆటకు ప్రత్యేకమైన రూల్సు

నాలుగు డౌన్లలో 10 గజాలు వెళ్ళాలన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) చూసి వచ్చినవాళ్ళు పప్పులో కాలేసేది ఈ కింది చోట్లే.

మైదానం వెడల్పు 160 అడుగులు. మధ్యలో గీసిన హ్యాష్ గుర్తుల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కాలేజీలో బంతిని ఒక హ్యాష్ మీద పెట్టారంటే ఒక పక్క 60 అడుగులే ఉంటుంది, రెండో పక్క 100 అడుగులు. ఆ వెడల్పు పక్కను ఎవరు ఎలా వాడుకుంటున్నారో చూడటమే ఈ ఆట చదవడంలో సగం పని. ప్రతి స్నాప్‌కు, అంటే బంతిని వెనక్కు అందించి ఆట మొదలుపెట్టడానికి, ముందు బంతి ఏ హ్యాష్ మీద ఉందో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

పాస్ వేసే ఆటలో లైన్‌మెన్ (ముందు వరసలో బ్లాక్ చేసేవాళ్ళు) కాలేజీలో 3 గజాల వరకు ముందుకు వెళ్ళొచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అందుకే పరుగో పాసో ఆఖరి క్షణంలో తేల్చుకునే ఆటలు, అంటే ఆర్‌పీఓలు, కాలేజీలో బాగా పండుతాయి. లైన్‌మెన్ పరుగుకు బ్లాక్ చేస్తున్నట్టే ముందుకు కదులుతారు, క్వార్టర్‌బ్యాక్ ఒక లైన్‌బ్యాకర్‌ను (రెండో వరస డిఫెండర్‌ను) చూసి బంతి ఇస్తాడో విసురుతాడో నిర్ణయిస్తాడు.

శాక్‌లో, అంటే పాసు వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినప్పుడు, పోయిన గజాలను కాలేజీ లెక్కల్లో పరుగు ఖాతాలోంచి తీసేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అవి పాసు ఖాతాలోంచి పోతాయి. 2019లో బరో 115 పరుగులకు 368 గజాలు అని కనిపిస్తుంది. సగటు 3.2 గజాలు చూసి కాళ్ళు లేనివాడనుకోవద్దు. ఆ 115లో శాక్‌లు కూడా కలిసి ఉన్నాయి. ఏ జట్టుదైనా పరుగు సగటు చూసేముందు శాక్‌ల సంఖ్య, పోయిన గజాలు విడదీసి చూడాలి.

గడియారం సంగతి కూడా ఉంది. 2022 వరకు కాలేజీలో ప్రతి ఫస్ట్ డౌన్‌కూ గడియారం కాసేపు ఆగేది. 2023 నుంచి ఒక్కో సగంలో ఆఖరి రెండు నిమిషాల్లో తప్ప ఆగడం లేదు. అందువల్ల 2019 నాటి గజాలను ఇప్పటి సీజన్లతో పోల్చేటప్పుడు మ్యాచ్ సగటు పట్టుకోకండి, ఒక్కో ఆటకు ఎంత, ఒక్కో పాసుకు ఎంత అని చూడండి.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

గళ్ళ పుస్తకమైనా ఫర్వాలేదు, కంప్యూటర్ షీటైనా ఫర్వాలేదు. ఒక్కో ఆటకు ఒక వరస, ఏడు గళ్ళు: డౌన్, కావాల్సిన దూరం, బంతి ఏ గజం గీత మీద ఉంది, ఏ హ్యాష్, బాక్సులో డిఫెండర్లు ఎందరు, ఎంతమంది క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చారు, ఎన్ని గజాలు వచ్చాయి. ఎనిమిదో గడి పెట్టి అందులో ఆట గురించి వాక్యాలు రాయాలని చాలామంది మొదలుపెడతారు. దానివల్ల తర్వాతి స్నాప్ తప్పిపోతుంది. అంకెలు చాలు.

బాక్సు అంటే ఐదుగురు లైన్‌మెన్ నిలబడ్డ వెడల్పు, ఇంకాస్త అటూ ఇటూ, లోతు ఐదారు గజాలు. స్నాప్‌కు ముందు ఆ చట్రంలో ఉన్న డిఫెండర్లను లెక్కపెట్టండి. బ్లాక్ చేసేవాళ్ళు ఐదుగురుండి బాక్సులో ఐదుగురే ఉంటే పరుగు లాభం. ఆరుగురైతే ఒకడు మిగిలిపోతాడు, అతణ్ణి ఆర్‌పీఓతోనో పాసుతోనో ఆడుకోవాలి. ఏడుగురు వచ్చారంటే వెనక చోటు ఖాళీ అయినట్టే. మొదటి రోజు ఈ లెక్క తప్పుతూనే ఉంటుంది. స్నాప్‌కు రెండు సెకన్ల ముందు వీడియో ఆపి లెక్కపెడితే పదిహేను, ఇరవై ఆటల్లో కంటికి అలవాటవుతుంది.

ఆట ఫలించిందా లేదా అన్నదానికి కోచ్‌లు, విశ్లేషకులు వాడే కొలత ఒకటుంది. ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన దూరంలో సగం వస్తే సఫలం. రెండో డౌన్‌లో 70 శాతం రావాలి. మూడు, నాలుగు డౌన్లలో మొత్తం రావాలి. రెండో డౌన్‌లో 8 గజాలు కావాలంటే 5.6, అంటే 6 గజాలు వస్తేనే టిక్కు పెట్టండి. ఇలా పెట్టుకుంటూ పోతే ఒక మ్యాచ్ చివర ఎన్ని ఆటల్లో ఎన్ని సఫలమో తేలిపోతుంది. మూడో డౌన్‌లో 12 గజాలు కావాల్సినచోట వచ్చిన 9 గజాల పరుగు మ్యాచ్ గణాంకాల పట్టికలో ముద్దుగా కనిపిస్తుంది, మీ పుస్తకంలో మాత్రం సున్నా.

టీవీ కెమెరాతో ఒక ఇబ్బంది ఉంది. స్నాప్ అయ్యాక సేఫ్టీలు, అంటే అందరికంటే వెనక కాపలా కాసే డిఫెండర్లు, తెరమీంచి మాయమవుతారు. మైదానం మొత్తం కనపడే కోచింగ్ వీడియో బయటి జనానికి దొరకదు. స్నాప్‌కు ముందు దూరంనుంచి చూపించే షాటులో సేఫ్టీలు ఒకరా ఇద్దరా, ఎంత లోతులో ఉన్నారో గబుక్కున చూసుకోండి. మిగిలింది రీప్లేలో దొరుకుతుంది. రీప్లే సాధారణంగా ఎండ్‌జోన్ వెనకనుంచి వస్తుంది కాబట్టి లైన్‌మెన్ పనితనం చూడటానికి అదే మంచి చోటు.

ముందు కాగితం మీద: 2018, 2019

వీడియో పెట్టకముందే ఈ లెక్క చేయండి. 2018లో బరో 379 పాసులు వేస్తే 219 అందాయి. 2,894 గజాలు, 16 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళు పట్టేసిన పాసులు). 2019లో 527 పాసులకు 402 అందాయి. 5,671 గజాలు, 60 టచ్‌డౌన్లు, 6 ఇంటర్‌సెప్షన్లు.

కాలేజీ పాసర్ రేటింగ్ సూత్రం సులువు. గజాలను 8.4తో, టచ్‌డౌన్లను 330తో, అందిన పాసులను 100తో గుణించి మూడూ కలపండి. ఇంటర్‌సెప్షన్లను 200తో గుణించి అందులోంచి తీసేయండి. వచ్చినదాన్ని వేసిన పాసుల సంఖ్యతో భాగించండి. 2019కి: 47,636.4 కి 19,800, 40,200 కలిపి 1,200 తీసేస్తే 1,06,436.4. దాన్ని 527తో భాగిస్తే 202.0. అదే పద్ధతిలో 2018కి 133.2 వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ రేటింగ్ సూత్రం పూర్తిగా వేరు, దాని గరిష్ఠమే 158.3. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడేవాళ్ళు తరచూ కనిపిస్తారు, ఆ పొరపాటు మీరు చేయొద్దు.

ఇప్పుడు ఒక మెట్టు లోపలికి దిగండి. మ్యాచ్‌కు ఎన్ని పాసులు? 2018లో 13 మ్యాచ్‌లకు సగటు 29, 2019లో 15 మ్యాచ్‌లకు 35. ఆరే పెరిగాయి. ఒక్కో పాసుకు ఎన్ని గజాలు? 7.6 నుంచి 10.8కి పోయింది. టచ్‌డౌన్ శాతం 4.2 నుంచి 11.4కి ఎగబాకింది. ఇంటర్‌సెప్షన్ శాతం 1.3 నుంచి 1.1కి తగ్గింది. అంటే ఎక్కువ విసరడంవల్ల అంకెలు పెరగలేదు, ప్రతి పాసూ విలువైనదిగా మారింది, ప్రమాదం మాత్రం పెరగలేదు. ఈ ఒక్క ముక్క కాగితం మీద తేలాక వీడియోలో ఏం వెతకాలో తెలుస్తుంది: అంత సులువైన చోట్లు ఎలా దొరికాయి?

జవాబులో పెద్ద భాగం జో బ్రేడీ. న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌లో చిన్న స్థాయి ఆఫెన్స్ సహాయకుడిగా ఉన్న అతణ్ణి ఓర్జెరాన్ 2019కి పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్‌గా తెచ్చాడు. ఆఫెన్స్ కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్ అలాగే కొనసాగాడు. పేరంతా బ్రేడీకే వెళ్ళింది గానీ ఆ ఇద్దరూ కలిసి నడిపిన ఆఫెన్స్ అది. ఆ ఏడు దేశంలో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కిచ్చే బ్రాయిల్స్ అవార్డు బ్రేడీకి వచ్చింది.

ఐదుగురు రిసీవర్ల లెక్క

ఈ జట్టు ఆయువుపట్టు ఇక్కడుంది, కాస్త తీరిగ్గా చూడండి. క్వార్టర్‌బ్యాక్ పక్కన ఎవరూ లేకుండా ఐదుగురినీ వెడల్పుగా పరిచే అమరికను ఎంప్టీ అంటారు. ఐదుగురు లైన్‌మెన్, ఒక క్వార్టర్‌బ్యాక్, ఐదుగురు రిసీవర్లు. డిఫెన్స్ ఐదుగురినీ ఒక్కొక్కరు కాయాలి, వెనక ఒక సేఫ్టీ కావాలి, అంటే ఆరుగురు పోయారు. మీదికి రావడానికి మిగిలింది ఐదుగురు. వాళ్ళను ఆపడానికి ఐదుగురు లైన్‌మెన్ ఉన్నారు. ఆరో మనిషిని పంపారంటే వెనక సేఫ్టీ ఉండడు, ఆ ఆరోవాడిని ఆపేవాడూ ఉండడు. అతను చేరేలోపు బంతి చేతిలోంచి వెళ్ళిపోవాలి. కాబట్టి ఎంప్టీ బతకాలంటే ఎవరు మీదికి వస్తారో స్నాప్‌కు ముందే పసిగట్టే క్వార్టర్‌బ్యాక్ కావాలి. 2019లో బరో ప్రావీణ్యం చేతి బలంలోకంటే ఈ పసిగట్టడంలోనే ఎక్కువ.

రెండో కిటుకు మనుషుల ఎంపికలో ఉంది. రన్నింగ్‌బ్యాక్ క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్ ఆ సీజన్‌లో 1,414 గజాలు పరిగెత్తి, 55 పాసులు కూడా అందుకున్నాడు. టైట్ ఎండ్ థాడియస్ మాస్ 47 పాసులకు 570 గజాలు చేశాడు. ఈ ఇద్దరూ నిఖార్సైన రిసీవర్లు కావడంతో అదే ఐదుగురితో ఒక స్నాప్‌లో పరుగుకు నిలబడొచ్చు, తర్వాతి స్నాప్‌లో ఎంప్టీకి వెళ్ళొచ్చు. మనిషిని మార్చాల్సిన పనే లేదు. కాలేజీ రూల్ ప్రకారం ఆఫెన్స్ మనుషుల్ని మారిస్తేనే డిఫెన్స్‌కు మార్చుకునే వ్యవధి ఇస్తారు. ఆఫెన్స్ మార్చకపోతే డిఫెన్స్ మైదానంలో ఉన్నవాళ్ళతోనే సర్దుకోవాలి. పరుగును ఆపడానికి తెచ్చిన బరువైన లైన్‌బ్యాకర్ ఎడ్వర్డ్స్-హెలేర్ వెంట పక్క గీతదాకా పరిగెత్తాల్సి వస్తుంది. నోట్‌బుక్‌లో ఎంప్టీ స్నాప్‌లకు ఒక చుక్క పెట్టుకోండి, ఎడ్వర్డ్స్-హెలేర్‌ను కాస్తున్నది లైన్‌బ్యాకరా, సేఫ్టీనా అని చూడండి.

మూడోది జస్టిన్ జెఫర్సన్‌ను లోపలి స్లాట్‌కు జరపడం. 111 పాసులు, 1,540 గజాలు, అంటే అందుకున్నదానికి సగటు 13.9. బయట నిలబడే జమార్ చేస్ 84 పాసులకే 1,780 గజాలు, సగటు 21.2, 20 టచ్‌డౌన్లు. ఈ రెండు సగటులు పక్కన పెట్టుకుంటే వాళ్ళ పనులు వేరని అర్థమవుతుంది. జెఫర్సన్ డౌన్లను నిలబెడతాడు, చేస్ డిఫెన్స్‌ను వెనక్కు నెడతాడు. చేస్ భయంతో సేఫ్టీ లోతుకు వెళ్తేనే మధ్యలో జెఫర్సన్‌కు చోటు. మూడో రిసీవర్ టెరెస్ మార్షల్ 46 పాసుల్లోనే 13 టచ్‌డౌన్లు చేశాడు, అతని సంగతి ఎవరూ పెద్దగా ఎత్తరు.

లైన్‌ను మరవొద్దు. దేశంలో ఉత్తమ ఆఫెన్స్ లైన్‌కిచ్చే జో మూర్ అవార్డు ఆ ఏడు వీళ్ళకే వచ్చింది. మధ్యలో సెంటర్ లాయిడ్ కుషెన్‌బెరీని పట్టుకుని ఒక డ్రైవ్ (బంతి చేతికొచ్చినప్పటినుంచి పోయేవరకు సాగే ఆటల వరస) అంతా బంతిని చూడకుండా అతన్నే చూడండి. స్నాప్‌కు ముందు వేలు చూపించి ఎవరిని ఎవరు కాయాలో చెబుతాడు. ఆ చూపిన వేలే పాస్ రక్షణకు మొదలు.

ఏ మ్యాచ్‌లు, ఏ వరసలో

పదిహేనూ చూడక్కర్లేదు, ఐదు చాలు. ఒక్కో మ్యాచ్‌లో మూడు నాలుగు డ్రైవులు ఎంచుకుని, ఒక్కో ఆటను మూడుసార్లు తిప్పండి. మొదటిసారి బాక్సు, సేఫ్టీలు. రెండోసారి లైన్. మూడోసారి బంతి.

మొదట టెక్సాస్. 2019 సెప్టెంబరు 7, ఆస్టిన్, 45–38. చివర్లో మూడో డౌన్, 17 గజాలు కావాలి, బంతి ఎల్‌ఎస్‌యూ సొంత 39 గజాల గీత మీద, స్కోరు 37–31. ఇక్కడ పరుగు ఆడి పంట్ కొట్టడం, అంటే బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్ళకు ఇచ్చేయడం, పాతకాలపు పద్ధతి. కానీ ఆరు పాయింట్ల ఆధిక్యం అంటే టెక్సాస్‌కు ఒక్క టచ్‌డౌన్, ఒక కిక్కు చాలు గెలవడానికి. టెక్సాస్ బ్లిట్జ్ చేసింది, అంటే మామూలుకంటే ఎక్కువమందిని మీదికి పంపింది. బరో తనమీదికి వస్తున్నవాళ్ళనుంచి పాకెట్‌లో (లైన్‌మెన్ కాపాడే చోటులో) ఒక అడుగు పక్కకు జరిగి, మధ్యలో జెఫర్సన్‌కు విసిరాడు, 61 గజాల టచ్‌డౌన్. ఆ ఒక్క ఆటను పదిసార్లైనా చూడొచ్చు. ప్రతిసారీ బరో పాదాలు చూడండి: విసిరే ముందు ఎంత తక్కువ కదిలాడో, కళ్ళు మాత్రం పైనే ఉన్నాయో గమనించండి. భయపడ్డ క్వార్టర్‌బ్యాక్ అక్కడ కళ్ళు దించేసి మీదికొచ్చేవాళ్ళను చూస్తాడు.

రెండోది ఆబర్న్, అక్టోబరు 26, బ్యాటన్ రూజ్‌లో, 23–20. చాలామంది ఈ మ్యాచ్ వదిలేస్తారు, సీజన్ మొత్తంలో ఎల్‌ఎస్‌యూ అతి తక్కువ పాయింట్లు చేసింది ఇందులోనే కాబట్టి. మా దృష్టిలో వదలకూడని మ్యాచ్ ఇదే. ఆబర్న్ తరచుగా ముగ్గురినే మీదికి పంపి ఎనిమిది మందిని వెనక పాసుకు కాపలా పెట్టింది. పెద్ద పాసులకు చోటు మూసుకుపోయింది. బరో 42కి 32 అందించినా 321 గజాలే, ఒక టచ్‌డౌన్ పాసు, ఒక ఇంటర్‌సెప్షన్. రేటింగ్ 143.5. మీ పుస్తకంలో బాక్సు గడి చూడండి, చాలాచోట్ల ఐదు, ఆరు కనిపిస్తాయి. అందుకే ఆ రోజు పరుగు ఆడాల్సి వచ్చింది, ఎడ్వర్డ్స్-హెలేర్ వంద దాటాడు. ఈ డిఫెన్స్‌ను మిగతావాళ్ళు ఎందుకు నకలు కొట్టలేదన్న ప్రశ్న వస్తుంది. ముగ్గురితోనే క్వార్టర్‌బ్యాక్‌ను ఒత్తిడి చేయాలంటే డెరిక్ బ్రౌన్‌లాంటి లైన్‌మన్ కావాలి. ఆ తర్వాతి ఏప్రిల్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళను జట్లు వరసగా ఎంచుకునే చోట) అతను ఏడో స్థానంలో వెళ్ళాడు. అలాంటివాడు అందరికీ ఉండడు.

మూడోది అలబామా, నవంబరు 9, టస్కలూసాలో, 46–41. అలబామా మీద వరసగా ఎనిమిది ఓటములున్నాయి అప్పటికి. మన దేశంలో అప్పుడు ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు. సగానికి 33–13. అక్కడ ఆపి వెళ్ళిపోవద్దు, చూడాల్సింది రెండో సగమే. అలబామా 33–27కి వచ్చింది, ఎల్‌ఎస్‌యూ 39–27 చేసింది. మళ్ళీ 39–34, మళ్ళీ 46–34. ఆ రెండు జవాబు డ్రైవుల్లో ప్రతి స్నాప్ రాసుకోండి. పాస్ జట్టుగా పేరుపడ్డ జట్టు ఆధిక్యం కరిగిపోతుంటే ఎడ్వర్డ్స్-హెలేర్ చేతికి ఎన్నిసార్లు బంతి ఇచ్చిందో తెలుస్తుంది. మనిషి పొట్టి, లైన్‌మెన్ వెనక కనిపించడు, మొదటి దెబ్బకు పడడు. ఆ మ్యాచ్‌లో నాలుగు టచ్‌డౌన్లు అతనివే. బరో 39కి 31, 393 గజాలు, 3 టచ్‌డౌన్లు. ఇంటర్‌సెప్షన్ లేదు. రేటింగ్ మీరే కట్టి చూసుకోండి, 189.5 రావాలి. రాకపోతే 100తో గుణించాల్సింది అందిన పాసులనా, వేసిన పాసులనా అన్నచోట తప్పు చేసి ఉంటారు.

నాలుగోది జార్జియా, డిసెంబరు 7, అట్లాంటాలో కాన్ఫరెన్స్ ఫైనల్, 37–10. ఇందులో ఒకే ఆట కోసం వెతకండి. మీదికొచ్చినవాళ్ళను బరో తప్పించుకుని, తిరిగి, పరుగెత్తుతూ జెఫర్సన్‌కు విసిరిన 71 గజాల పాసు. అదృష్టమనిపిస్తుంది. క్వార్టర్‌బ్యాక్ పాకెట్ వదిలితే రిసీవర్లు తమ దారి వదిలి ఖాళీ చోటుకు మళ్ళాలని ముందే సాధన చేసి ఉంటారు. రీప్లేలో జెఫర్సన్ ఎప్పుడు దిశ మార్చాడో చూస్తే తెలిసిపోతుంది.

ఐదోది క్లెమ్సన్‌తో జాతీయ ఫైనల్, 2020 జనవరి 13, న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్, 42–25. 29 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని జట్టు క్లెమ్సన్. డిఫెన్స్ కోఆర్డినేటర్ బ్రెంట్ వెనబుల్స్ స్నాప్‌కు ముందు ఒకటి చూపించి, తర్వాత ఇంకోటి ఆడించడంలో దిట్ట. రెండో క్వార్టర్‌లో ఎల్‌ఎస్‌యూ 7–17తో వెనకబడింది. అక్కడినుంచి సగానికల్లా మూడు టచ్‌డౌన్లతో 28–17. మొదటి నాలుగు డ్రైవుల్లో సేఫ్టీలు ఎక్కడ నిలబడ్డారో, తర్వాతి మూడింటిలో బరో ఏ పక్కకు విసిరాడో రెండు పేజీల్లో పక్కపక్కన రాయండి. చేస్‌ను ఎక్కువసేపు ఒంటరిగా కాసింది ఏ.జె. టెరెల్. చేస్ 9 పాసులకు 221 గజాలు తీసుకున్నాడు. టెరెల్‌ను తక్కువ చేయొద్దు, ఆ తర్వాత డ్రాఫ్ట్‌లో 16వ స్థానంలో ఎంపికైనవాడు. సహాయం లేకుండా చేస్‌ను కాయమంటే అంతటివాడికీ కుదరలేదని అర్థం.

ఓక్లహోమాతో పీచ్ బౌల్ (జాతీయ సెమీఫైనల్), 63–28, ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. మొదటి సగంలోనే బరో ఏడు టచ్‌డౌన్ పాసులు వేశాడు. చూడటానికి పండగే, నేర్చుకోవడానికి తక్కువ. ఎదుటి డిఫెన్స్ ఏ ప్రశ్నా వేయనప్పుడు జవాబులు ఎంత బాగున్నాయో తెలియదు. అన్నీ అయ్యాక హాయిగా చూసుకోండి.

డిఫెన్స్ పద్దు

జట్టు గొప్పదైనంతమాత్రాన అన్ని పక్కలా గొప్పదని రాసేయకండి. నవంబరు 16న ఓలే మిస్ 37 పాయింట్లు చేసి, పరుగులోనే 402 గజాలు తీసింది. అందులో 212 గజాలు క్వార్టర్‌బ్యాక్ జాన్ రీస్ ప్లమ్లీ ఒక్కడివే. క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తితే దాడిలో ఒక మనిషి ఎక్కువైనట్టు. బాక్సు లెక్కలో డిఫెన్స్ అతణ్ణి కలుపుకోకపోతే ఇదే జరుగుతుంది. డిఫెన్స్ కోఆర్డినేటర్ డేవ్ అరాండా నడిపిన డిఫెన్స్ ఆ తర్వాత గట్టిపడింది: చివరి నాలుగు మ్యాచ్‌ల్లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌కు 7, జార్జియాకు 10, ఓక్లహోమాకు 28, క్లెమ్సన్‌కు 25, సగటు 17.5. మొత్తం సీజన్ సగటు 21.9. ఆ ఏడు మొదటి సంవత్సరం విద్యార్థి డెరెక్ స్టింగ్లీ జూనియర్ ఆరు ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. అంత చిన్నవాడిమీదికి ఎదుటివాళ్ళు ఎన్నిసార్లు విసిరారో లెక్కపెడితే ఇంకో పాఠం అవుతుంది.

ప్రత్యర్థుల బరువు తూచడం

ర్యాంకులతో జాగ్రత్త. మ్యాచ్ నాటి ర్యాంకు వేరు, సీజన్ ముగిశాక నిలిచిన లెక్క వేరు. టెక్సాస్ ఆ రోజు తొమ్మిదో ర్యాంకు, చివరికి 8–5. అందుకే మ్యాచ్ నాటి ర్యాంకు పక్కన చివరి రికార్డు రాసుకోండి. ఆబర్న్ 9–4, ఫ్లోరిడా 11–2, అలబామా 11–2, జార్జియా 12–2, ఓక్లహోమా 12–2, క్లెమ్సన్ 14–1. ఇది బరువైన జాబితా. ఈ ఓటముల్లో ఒక్కొక్కటి ఎల్‌ఎస్‌యూ చేతిలోదే అని కూడా గుర్తుంచుకోండి. తర్వాత తేడాలు చూడండి. ఒక్క స్కోరుతో, అంటే 8 పాయింట్లలోపు తేడాతో ముగిసినవి మూడే: టెక్సాస్ 7, ఆబర్న్ 3, అలబామా 5. తక్కిన పన్నెండింటిలో అతి తక్కువ తేడా 14. నాలుగైదు మ్యాచ్‌లు మూడేసి పాయింట్లతో గెలిచి అజేయంగా నిలిచిన జట్టుకూ, దీనికీ తేడా ఇక్కడ తేలుతుంది.

తేలిపోయిన మ్యాచ్‌ల్లో నాలుగో క్వార్టర్‌ను లెక్కలోంచి తీసేయండి. స్కోరు చేయి దాటాక ఆడేవాళ్ళు మారతారు, ఆట మారుతుంది. ఓక్లహోమా మ్యాచ్ సగానికే 49–14. ఆ తర్వాత రాసుకున్న వరసలు మీ సగటును పాడుచేస్తాయే తప్ప ఏమీ చెప్పవు.

ఇదే కొలబద్ద ఇంకోదానికి

పద్ధతి చేతికొచ్చిందో లేదో చూసుకోవడానికి 2020 అలబామా తీసుకోండి. 13 ఆడి 13 గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ మాక్ జోన్స్ 402కి 311, 4,500 గజాలు, 41 టచ్‌డౌన్లు, 4 ఇంటర్‌సెప్షన్లు. సూత్రంలో పెడితే 203.1, బరోకంటే ఎక్కువ. వెంటనే జోన్స్ గొప్పవాడని తేల్చేయకండి. మ్యాచ్‌కు జోన్స్ 31 పాసులు, బరో 35. టచ్‌డౌన్ శాతం జోన్స్‌కు 10.2, బరోకు 11.4. ఇంకోపక్క జోన్స్ దగ్గర రిసీవర్ డెవాంటా స్మిత్ 1,856 గజాలతో హైస్‌మన్ తనే అందుకున్నాడు. రేటింగ్ దగ్గర ఆగిపోతే ఇవేవీ కనిపించవు.

ఆ తర్వాత 2020 ఎల్‌ఎస్‌యూనే తెరవండి. 5–5. 2020 డ్రాఫ్ట్‌లో 14 మంది వెళ్ళిపోయారు, బరో మొదటి స్థానంలో. చేస్ ఆ సీజన్ ఆడలేదు. బ్రేడీ కరోలినా పాంథర్స్‌కు వెళ్ళాడు, అరాండా బేలర్‌కు హెడ్‌కోచ్‌గా వెళ్ళాడు. మొదటి మ్యాచ్, సెప్టెంబరు 26న, మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కె.జె. కాస్టెల్లో వీళ్ళమీద 623 గజాలు విసిరాడు, 44–34. ఆ మ్యాచ్‌లో బాక్సు గడి, సేఫ్టీల లోతు నింపుకుంటూ వెళ్ళండి. 2019 పుస్తకాన్ని పక్కనే తెరిచి ఉంచుకుని, ఏ గడిలో అంకె మొదట మారిందో అక్కడ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి.